పలచబడిన తోలు మీద ఒక కూతురి పేరు

దేవుడి సాక్షిగా. లండన్‌లో రాజవంశావళులు రాసే ఆస్బర్ట్ లైల్ గారి దగ్గర నాలుగేళ్ళుగా విద్య నేర్చుకుంటున్న పియర్స్ ఆల్డన్ అనే నేను, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, ఒంట్లో జ్వరం గానీ బుర్రలో బీరు గానీ లేకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. రేపు వెస్ట్‌మిన్‌స్టర్‌లో ప్రభువుల సభ ముందు ఒక నిజం చెప్పాలి. చెప్పాక తిరిగొస్తానో లేదో తెలియదు.

ఒకటి. నా ఆత్మ దేవుడికి. నా శరీరం దొరికితే మా పేట చర్చి ఆవరణలో, ఉత్తరపు గోడ పక్కన. రెండు కొవ్వొత్తులు చాలు.

రెండు. నా చెల్లెలు అవిస్‌కు నా ఉన్ని కోటు, నేను కొత్త మాటలు ఎక్కించుకున్న పుస్తకం. "అన్నయ్యా, నువ్వు రొట్టె కన్నా ముందు మాటలు నములుతావు" అనేది. ఆ పుస్తకంలో సగం మాటలు దాని నోట విన్నవే. అది ఎరగదు.

మూడు. నాతోపాటు పనిచేసే రోజర్ స్టబ్‌కు కిటికీ పక్కన నా పీట. రెండు చలికాలాలు దాన్ని నా దగ్గర్నుంచి లాక్కుని, "ఒరేయ్ పండితుడా, రాజుల ముత్తాతలంతా తెలుసు, నీ రెండో కాలి జోడు ఎక్కడుందో మాత్రం తెలీదు" అని నవ్వాడు. ఇకనుంచి అది న్యాయంగా అతనిదే. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అతనికే ఇస్తున్నాను. తిడుతూనే చేస్తాడు, కానీ ఒక్కటి కూడా వదలడు.

నాలుగు. రాత తోలు మీది అక్షరాలు గీకి చెరిపే నా చిన్న కత్తి మా గురువుగారికి. ఎందుకో చెప్పాలి.

మేము రాసే రాజవంశావళిలో పాత రాజుగారి పెద్దకొడుకు వంశపు గీత ఆగిపోతుంది. రెండో కొడుక్కి ఒక్కతే కూతురు. ఇప్పుడు కిరీటం మూడో కొడుకు వంశంలో ఉంది. ఆ కూతురి వంశం మాత్రం "అది మాది" అంటోంది. వసంతంలో మూడో కొడుకు పక్షపు ప్రభువు ఒకరి మనిషి వచ్చి ఆ కూతురి పేరు తీసేయమన్నాడు. గురువుగారు కలం కూడా దించలేదు. "అయ్యా, గొర్రెతోలు గీకితే పలచబడుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే, నేను ఎవర్ని చెరిపానో వాళ్ళే ముందు కనిపిస్తారు" అన్నారు. అంత మర్యాదగా ఎవరైనా కాదనడం నేను మళ్ళీ వినలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన బయటికెళ్ళగానే, భయంతో, ఆ పేరును నేను గీకాను. సగం పోయాక చెయ్యి ఆగిపోయింది. ఆయన వచ్చి చూశారు. సిరా పాకకుండా అక్కడ పొడి రుద్ది, కలం నా చేతికిచ్చి, "నువ్వే రాయి. ఈసారి ఇంకా అందంగా" అన్నారు.

ఇప్పుడు ఆ పలచబడిన చోటు చూపించి, లేని పేరును గురువుగారు తరవాత ఇరికించారని మూడో కొడుకు పక్షం లాయర్లు అంటున్నారు. ఆయన చెరసాలలో ఉన్నారు. గీకింది నేనని ఆయన ఇంతవరకు చెప్పలేదు. రేపు నేనే చెబుతాను.

ఐదు. నా చేతిని తీసేస్తే, కలాలు రోజర్‌కు. తల తీసేసినా అంతే.

ఆరు. ఆ వంశావళి అడుగున ఖాళీ వదిలిన తోలు ఉంది, పుట్టబోయే రాజుల కోసం. ఎవరు పుట్టినా, ఎవరు గెలిచినా, అక్కడ గురువుగారే రాయాలి. అందుకోసమే వెళుతున్నాను.

ఈ వీలునామాలో కొట్టివేతలు లేవు, దిద్దుబాట్లు లేవు, గీకుళ్ళు లేవు. వెలుతురుకు పట్టి చూసుకోవచ్చు.

ప్రభువు శకం 1460, సెయింట్ లూక్ పండుగ మర్నాడు, లండన్.

(సంతకం) పియర్స్ ఆల్డన్

సాక్షులు:
థామస్ బ్లైత్, చర్చి గంటలు కొట్టేవాడు
జోన్ టర్వీ, బీరు కాచే ఆవిడ (రాయడం రాదు, శిలువ గుర్తు పెట్టింది)