పడమటి వాలు మన్ను

మర్రిగూడ,
శనివారం పొద్దున.

ప్రియమైన గ్లోరీకి,

దేవుని దయవల్ల అమ్మా నేనూ బాగున్నాం. నువ్వూ వేళకు తిని, నిద్రపోతున్నావని నమ్ముతున్నాం. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉందని అడిగావు. దవాఖానలో ఇచ్చిన మాత్రలతో చాలావరకు తగ్గింది, పోయిన ఆదివారం చర్చికి కూడా నడిచే వెళ్లింది. ఫోను ఉండగా ఉత్తరమెందుకని నువ్వు అనుకోవచ్చు. నీ గొంతు వింటే కొన్ని మాటలు నోటిదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. అందుకే కాగితం.

నువ్వు పంపిన పరిశోధన పుటలూ, వాటితో పెట్టిన ఉత్తరమూ మళ్లీ మళ్లీ చదివాను. ఎర్రగుట్ట పడమటి వాలులో చిటికెడు మన్ను తీస్తే కంటికి కనబడని ప్రాణాలు కోట్లల్లో ఉన్నాయనీ, తెల్లటి బూజు దారాలు వేర్లను పట్టుకుని చెట్టు నుంచి చెట్టుకు అల్లుకున్నాయనీ రాశావు. అందరూ మొదలంటా నరుక్కుని, ఆకు కూడా ఊడ్చుకుపోయే తూర్పు వాలులో అందులో సగం కూడా లేవన్నావు. అది చదివిన మధ్యాహ్నం కునుకులో ఒక కల వచ్చింది. గుట్ట మీద వెల్లకిలా పడుకున్నాను. వీపు కింద నేల మెల్లగా లేచి దిగుతోంది, నిద్రపోయే పసిపాప పొట్టలాగా. మెలకువ వచ్చాక కూడా చాలాసేపు వీపు వెచ్చగానే ఉంది.

'పడమటి వాలు ఎందుకంత బతికి ఉంది బాపూ?' అని అడిగి, జవాబు కూడా నువ్వే రాసుకున్నావు. ఇరవై ఏళ్లుగా అక్కడ కత్తి పడలేదని, మేక అడుగు పెట్టలేదని. దానికి సాక్ష్యం, అడవి వాచరుగా నేను రాసిన రిజిస్టర్లు. ఇది చూసి గుట్ట మొత్తానికి కంచె వేయించాలని మీ సారు సిఫారసు చేస్తున్నారని సంతోషంగా రాశావు.

బిడ్డా, ఆ రిజిస్టర్లు అబద్ధం.

నువ్వు బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాది వానలు లేవు. నాకు ఉద్యోగం కొత్త. మా నాయిన ఒకరి పొలంలో జీతగాడిగానే బతికి పోయాడు. మా ఇంట్లో నెలజీతం చూసిన మొదటివాణ్ణి నేను. అట్లాంటి రోజుల్లో, పడమటి వాలులో చిరుమాను చెట్లు నరుకుతూ మేకల బీరమ్మ దొరికింది. గొడ్డలి గుంజుకున్నాను.

"మొదలు ముట్టుకోను సారూ, మోకాలెత్తు ఇడిచి నరుకుత," అంది. "గీ వాలును నాలుగు పాయలు చేసుకున్న. గీయేడు గీ పాయ, వచ్చేయేడు పక్కది. అయిదో ఏటికి మళ్ల గీడికే వస్త. మేకలు తిన్నంత తింటయి, రాలిన ఆకు నేలకే ఇడుస్త. మా అవ్వ గట్లనే చేసింది."

"నాకు కథలు చెప్పకు," అన్నాను. నన్ను ఒకరు సారూ అని పిలిచి చేతులు జోడించడం ఆ రోజుల్లో నాకు ఇష్టంగా ఉండేది. అది కూడా నీకు తెలియాలి.

నెల తర్వాత నాలుగు చినుకులు పడ్డాయి. పోయి చూస్తే తక్కిన చెట్లు ఎండినట్టే నిలబడి ఉన్నాయి. ఆమె మోకాలెత్తున కోసిన మోడుల చుట్టూ మాత్రం ఎర్రటి చిగుళ్లు. కింద కుళ్లిన ఆకును వేలితో కదిపితే నేల చల్లగా తగిలింది, తీయటి వాసన వేసింది. ఆ సాయంత్రమే గొడ్డలి తీసుకెళ్లి ఆమె గుమ్మం ముందు పెట్టి వచ్చాను. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఒకటే వాక్యం రాశాను: ఎవరూ ప్రవేశించలేదు. ఆమె ఏటా ఒక పాయ నరికేది. ఆ రోజుల్లో నేను తూర్పు వైపు తిరిగేవాణ్ణి.

మన్ను తీయడానికి వచ్చినప్పుడు నువ్వు మోడులు చూసి అడిగావు. ఎప్పటివో పాతవి అన్నాను. అప్పుడు నీ ముఖం చూడలేకపోయాను. ఇప్పుడు బీరమ్మ కోడలు ఉమారాణి అదే వరసలో నరుకుతోంది. కంచె పడితే ఆ మేకలు ఆగిపోతాయి. నువ్వు మెచ్చుకున్న ఆ మన్ను కూడా అట్లాగే ఉంటుందని నేననుకోను.

నిన్న బీరమ్మ ఇంటికి వెళ్లి అంతా చెప్పాను, మీ సారుకు నిజం రాస్తానన్నాను.

"రాస్తే నీకేమైతది సారూ?"

"తెల్వదు. పించను ఆపుతరేమో. మాట పడుడు మాత్రం ఖాయం."

"బిడ్డ సదువు?"

"మళ్ల రాసుకోవాలె."

"నా పేరు గుడ రాయి," అంది. "ఇరవై ఏండ్లు గుట్ట మీద ఎనకకు చూసుకుంట నడిచిన. ఇగ జర నిమ్మలంగ నడుస్త."

ఈ కవరులో ఇంకో కాగితం ఉంది. మీ సారుకు రాసింది. ఏ ఏడు ఏ పాయ నరికిందో ఆమె చెబుతుంటే రాశాను. కింద నా సంతకం, ఆమె వేలిముద్ర ఉన్నాయి. నీ మూడేళ్ల కష్టానికి నా అబద్ధాన్ని పునాది చేశాను. కోపం వస్తే దాచుకోకు. అమ్మకు రాత్రే చెప్పాను. అన్నం నా ముందు పెట్టి, తను తినకుండానే పడుకుంది. పొద్దున కవరు మాత్రం తనే తెచ్చిచ్చింది.

ఇవ్వాలో వద్దో నువ్వే ఆలోచించుకో అని రాసి, కొట్టేశాను. ఆ కాగితం ఇచ్చెయ్యి, తల్లీ.

ఇట్లు,
నీ బాపు,
ఇస్రాయేలు