నొప్పి తెలియని కాలు

గుడివాడ, శుక్రవారం రాత్రి

పొద్దున మందిరంలో ధ్యానం ముగించి లేస్తుంటే సరళ వదిన కేక పెట్టింది. "పద్మా, నీ చాప మీద రక్తం!" చూస్తే నా అరికాల్లో చిన్న మేకు దిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో నాకు తెలియనే తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దాన్ని లాగుతున్నా నొప్పి లేదు. "ధ్యానంలో కూర్చుంటే కాళ్లున్నట్టే తెలియదండీ. దేహస్పృహ పోతోంది," అని గర్వంగా చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చూశారు. "అది ధ్యానం వల్ల కాదమ్మా, షుగరు వల్ల. నరాలు దెబ్బతిన్నాయి."

శరీరం మీద మమకారం ఎందుకని షుగరు మాత్రలు మానేసింది నేనేగా!

సాయంత్రం గురువుగారికి ఫోన్ చేసి ఏడ్చాను. "శరీరాన్ని గాలికొదిలెయ్యమని నేనెప్పుడన్నానమ్మా? రేపట్నుంచి ముందు మాత్ర వేసుకో, కాళ్లు చూసుకో. అదీ సాధనే. ఆ తర్వాతే కళ్లు మూసుకో," అన్నారు.

ఇందాక రెండో కాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందుల్లో తడి తుడిచాను. భయపడుతూనే చిటికెన వేలు గట్టిగా గిల్లాను. కొంచెం నొప్పి తెలిసింది. ఆ కాస్త నొప్పికే దణ్ణం పెట్టుకున్నాను.