రాజ్యం కళ్ళు మూసుకోనంది

ఏమండీ,

అన్నం వార్చాను, పప్పు వెచ్చబెట్టుకోండి. నేను రాజ్యం వాళ్ళ ఊరు వెళుతున్నాను.

పోటీల సీజన్ మొదలవుతోందని, ధైర్యం రావడానికి మా బాస్కెట్‌బాల్ పిల్లలను నిన్న కళ్ళు మూసుకుని మ్యాచ్ ఊహించుకోమన్నాను. అందరికీ బంతి రింగులో పడటం కనబడింది. రాజ్యం మాత్రం చటుక్కున కళ్ళు తెరిచేసింది.

"మా నాన్న చెర్నాకోల పట్టుకుని కోర్టులోకి వస్తన్నాడు టీచర్. నేనింక కళ్ళు మూసుకోను" అంది.

భయం మనసులోదేనని నచ్చజెప్పి ఇంటికి పంపాను. ఇవాళ ప్రాక్టీసుకు రాలేదు. ఇంటికి తాళం వేసి ఉందట, లోపల మూలుగు వినబడుతోందట. వాళ్ళ పక్కింటి పిచ్చమ్మ కబురు పంపింది. వాళ్ళ నాన్న పేరయ్య మిరప కల్లంలోనూ లేడట.

పేరయ్య రాజ్యాన్ని ఆడనివ్వనంటున్నాడని మొన్న చెబితే, "ఆటల కోసం ఊరితో గొడవెందుకు" అన్నారు మీరు. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. మాత్ర వేసుకోండి.

దేవకుమారి

పొద్దుగూకేలోపు నేను రాకపోతే ఒక్కరే బయలుదేరకండి. పాస్టరు గారినీ, ఇంకో నలుగురినీ వెంటబెట్టుకు రండి.