నాటకంలో గాలి హోరు

శుక్రవారం రాత్రి

పంచాయతీ రేడియో దగ్గర ఈ వారం హత్య నాటకం విన్నాం. హంతకుడు వచ్చే ముందు ఎప్పుడూ గాలి హోరు పెడతారు, తర్వాత తలుపు చప్పుడు వినిపించి ఆపేస్తారు. ఇవాళ హోరు మధ్యలో ఒక గొంతు, జాలర్లు సముద్రంలోకి వెళ్లవద్దని చెప్పింది.

"ఈసారి హంతకుడు పడవలో వస్తాడు మావయ్యా" అన్నాడు ఎదురింటి సుబ్బయ్య. అందరం నవ్వాం. నాటకం మళ్లీ మొదలవలేదు. అప్పుడు తెలిసింది, అది తుఫాను వార్త అని.

అల్లుడు పొద్దున్నే వేటకు వెళ్లాడు.

"రేడియోలో ఏం చెప్పారు నాన్నా?" అని అమ్మాయి అడిగింది. నాటకమేనమ్మా అన్నాను.

ఇప్పుడు బయట అదే హోరు. నాటకంలో తలుపు చప్పుడంటే గుండె ఆగేది. ఇవాళ దానికోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.