నీ షీట్‌లో నేను వేసిన సున్నా

సుజాతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమెరికాలోని మన హెర్న్‌డన్ ఆఫీసులో నీ సీట్లో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను.

మనం లెక్కగట్టిన పిల్లల ఫోమ్ మ్యాట్ ఉంది కదా. ముడిసరుకు దగ్గర్నుంచి చెత్తలో పడేదాకా దానివల్ల గాలికీ నీటికీ ఎంత చెరుపో ఒక్కో గడిలో నింపాం. పారేశాక నీళ్లలో ఎంత విషం కలుస్తుందన్న చివరి గడికి మాత్రం లెక్క దొరకలేదు. "తెలియనిది ఖాళీగా వదిలెయ్. సున్నా వేశావంటే హాని లేదని చెప్పినట్టే," అన్నావు హాస్పిటల్‌కి వెళ్తూ.

ఖాళీ ఉంటే రిపోర్ట్ తీసుకోనని మ్యాట్ అమ్మే క్లయింట్ మొండికేశాడు. నా వీసా ఎక్స్‌టెన్షన్ కూడా అప్పుడే. భయపడి సున్నా వేశాను. షీట్‌లో "తయారుచేసినవారు" అన్నచోట నీ పేరే ఉండిపోయింది. ఇప్పుడు మ్యాట్ పెట్టె మీద "నీటికి హాని లేదు" అని అచ్చేసి అమ్ముతున్నారు.

ఇవాళ రెండింటికి మన లెక్కలు సరిచూడ్డానికి బయటినుంచి రివ్యూయర్ వస్తున్నాడు. ఆ గడి గురించే అడిగాడట. పొద్దున్నుంచి ఆ షీట్ తెరవడం, మూసెయ్యడం, ఇదే పని. అది చూసి మేనేజర్ మూర్తిగారు, "ఆ షీట్ సుజాత చేసిందే కదా. నువ్వెందుకు టెన్షన్ పడతావు మాధవీ?" అన్నారు.

"అవునండీ" అన్నాను. అక్కా, అనేశాను.

ఆయన వెళ్లాక సున్నా చెరిపేశాను. నీ పేరు తీసి నా పేరు టైప్ చేశాను. ఉద్యోగం పోతే వీసా పోతుంది. రెండు కావడానికి ఇంకా ఐదు నిమిషాలున్నాయి. సేవ్ నొక్కడానికి చెయ్యి రావడం లేదు.