బొమ్మకి జుట్టు లేదు

2024 నవంబర్ 11, సోమవారం

ఫెయిల్. పిల్లల ఎమర్జెన్సీ ట్రైనింగ్‌లో మొదటి మాక్ టెస్ట్. బ్యాచ్ మొత్తంలో పోయింది నేనొక్కదాన్నే. రబ్బరు బొమ్మని టేబుల్ మీద పడుకోబెట్టి శ్రీమన్నారాయణ సార్ దాని తల్లిలా నటించారు. నేను వైద్యం మానేసి ఆయన్ని ప్రశ్నలడుగుతూ కూర్చున్నానట. షాహిస్తా, నువ్వు డాక్టరువా ప్లీడరువా అన్నారు. అందరూ నవ్వారు. తల్లిని అడగాల్సింది చెక్‌లిస్టులో ఉందట, అంతకు మించి అడిగితే టైమ్ వేస్టట.

ఒళ్లు మండిపోయింది. బొమ్మకి ఇల్లూ వాకిలీ లేవు. మా సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే పిల్లలకి ఉంటాయి.

30న మళ్లీ టెస్ట్. అందులోనూ పోతే సార్ లాగ్‌బుక్‌లో సంతకం పెట్టరు. ఈ సంవత్సరం దండగ.

నవంబర్ 15

చెక్‌లిస్టు బట్టీ పట్టాను. ఎయిర్‌వే, బ్రీతింగ్, బట్టలు విప్పు. సరే, ఏమీ అడగను పో.

నవంబర్ 19, మధ్యాహ్నం 2

ఐదేళ్ల పాప, శిల్ప. ఉదయం నాయనమ్మ మాణిక్యమ్మ ఆటోలో వేసుకొచ్చింది. నోట్లో నురగ, కంటిపాపలు ఆవగింజంత. చూడగానే తెలిసింది, పురుగుమందు. చెక్‌లిస్టు ప్రకారం అడిగాను, మందు తాగిందా అని. తాగలేదంది. మా ఇంట్లో పసిపిల్లలు మందు తాగే ఖర్మేం పట్టలేదని నా మీదికి లేచింది. ఇంకేమీ అడగలేదు.

తల గుడ్డతో సహా బట్టలన్నీ తీశాం, ఒళ్లు కడిగాం, విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించాం. ఊపిరి తేలికైంది. సార్ మొదటిసారి నన్ను గుడ్ అన్నారు.

గంటకి మళ్లీ నురగ. డోసు పెంచాం, తగ్గింది. మళ్లీ వస్తోంది. ఇలాగైతే వెంటిలేటరే అంటున్నారు సార్.

మందు ఇంకా లోపలికి పోతోంది. ఎక్కడి నుంచి?

నవంబర్ 19, సాయంత్రం 6

టెస్ట్ పోతే పోయిందని వెళ్లి మాణిక్యమ్మ పక్కన కింద కూర్చున్నాను. తాగిందా అని కాదు, నిన్నటి నుంచి పాపకి ఏమేం చేశావో చెప్పమన్నాను. చెప్పింది. కోడలు పత్తి తీతకి పోయిందట. పాప తల చూస్తే పేలు కుప్పలు. పత్తికి కొట్టగా డబ్బా అడుగున మిగిలిన మందుని కొబ్బరినూనెలో కలిపి, కుదుళ్లకి పట్టించి, జడలు బిగించి, గుడ్డ కట్టిందట. ఊళ్లో అందరూ చేసేదేగా అంది.

అవును. మా అమ్మ నాకూ రాసింది. భగభగమంటే నేనే బోరు దగ్గరికి పరుగెత్తి కడుక్కున్నాను. ఉదయం నుంచీ ఎందుకు గుర్తు రాలేదు? గుడ్డ తీశాం, జడలు విప్పలేదు. మందు వాసన బట్టలదే అనుకున్నాం. బొమ్మకి జుట్టు లేదు. చెక్‌లిస్టులోనూ లేదు. నా బుర్రలోంచి కూడా పోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

నర్స్ క్రీస్తుదాసు, నేను గ్లవ్స్ వేసుకుని మూడుసార్లు తల కడిగాం. నడుం దాకా జుట్టు, అట్టకట్టేసింది, జిడ్డు వదల్లేదు. గొరగాలన్నాను. అది సింగరాయకొండ స్వామికి మొక్కిన జుట్టు, పుట్టాక కత్తెర తగల్లేదు, ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానంది మాణిక్యమ్మ.

సార్ నన్ను పక్కకి పిలిచారు. కడిగావుగా చాలు, కొయ్యొద్దు అన్నారు. పైగా నీ పేరు షాహిస్తా, రేపు గేటు దగ్గర గొడవైతే ఎవరు సమాధానం చెబుతారన్నారు. నేనే చెబుతానన్నాను.

వెళ్లి మాణిక్యమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ జుట్టు ఉన్నంతసేపూ విషం ఎక్కుతూనే ఉంటుందని. నేను రాసిందేనా అని అడిగింది. అవునన్నాను. ఆమె ముఖం చూడలేకపోయాను.

కత్తెర ఇటియ్యమంది. దేవుడు అడిగితే నన్నడుగుతాడు, నిన్ను కాదులే అంది. గ్లవ్స్ తొడిగాను. మొదటి జడ ఆమే కోసింది. మిగతాది నేను గొరిగాను.

నవంబర్ 21

నురగ లేదు. శిల్ప ఇడ్లీ అడిగింది. బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

నవంబర్ 23

మెమో. సీనియర్ మాట మీరినందుకు క్షమాపణతో సహా సంజాయిషీ రాయాలట. రాశాను. ఉదయమే జడ విప్పనందుకు క్షమించండి, కోసినందుకు కాదు అని.

సార్ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

నవంబర్ 26

డిశ్చార్జ్. కోసిన జుట్టు కావాలని మాణిక్యమ్మ గొడవ. విషం, ఇవ్వనన్నాను. నన్ను, మా అమ్మని కలిపి తిట్టింది. తర్వాత పాప గుండు నిమిరి, మొక్కు ఎక్కడికీ పోదు, మళ్లీ పెంచుతానంది. ఈసారి పేలకి ఏం చేస్తావన్నాను. దువ్వెనతో దువ్వుతానని విసుక్కుంది.

నవంబర్ 30

అందరికంటే ముందు వెళ్లి బొమ్మ తలకి సవరం అతికించాను. కొబ్బరినూనె పట్టించి, రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టాను.

సార్ వచ్చి చూశారు. పీకెయ్యమంటారనుకున్నాను. వాచీ తీసి టేబుల్ మీద పెట్టారు. తల్లి గొంతుతో, ఏమీ తాగలేదు డాక్టరమ్మా అన్నారు.

నేను జడ విప్పాను.