గిన్నె తిరిగి రాని ఇళ్ళు

చిరంజీవి సత్తిబాబుకి, కువైట్ నుంచి అక్క చల్లగా ఉండమని దీవిస్తూ రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోకండి. మరదలు నాగమణికి నడుం నొప్పి తగ్గిందా? పిన్నిగారు కంట్లో చుక్కలు వేళకి వేయించుకుంటున్నారా? రాజోలులో వానలు గట్టిగా పడుతున్నాయని విన్నాను. మన కర్రీల షాపు ముందు నీళ్ళు నిలవకుండా కాస్త ఇసుక పోయించు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోనులో నేను నోరు తెరిస్తే చాలు, "ఉండక్కా, పోపు మాడిపోతోంది" అని పెట్టేస్తావు. కాగితమైతే మధ్యలో నా నోరు నొక్కలేవు కదా. సఖినేటిపల్లి ఆవిడ ఒకరు సెలవు మీద వస్తున్నారు, ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. చెత్త పడెయ్యడానికి కిందికి దిగితే బూరెల మూకుడు మీదకి వంగినట్టుంటుంది. కొత్త ఇంట్లో పని కష్టమేం కాదు. మేడమ్ మంచిదే, కసురుకోదు. వంట నాదే. కానీ వండినదాంట్లో సగం పారబోస్తారురా. రాత్రి అన్నం పొద్దున ముట్టరు. చద్దన్నంలో పెరుగు పోసుకుని తిని పెరిగినదాన్ని, ఆ అన్నం సంచిలో కట్టి పడెయ్యమంటే మొదట్లో చేతులు ఆడేవి కావు. ఇప్పుడు అలవాటైపోయింది. అలవాటైపోయినందుకే భయమేస్తోంది.

తిండికి లోటు లేదు, నిజంగానే చెబుతున్నాను. మాటకే లోటు. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఈ బిల్డింగులో ఒక్కరూ లేరు.

పోయిన శుక్రవారం మేడమ్ వాళ్ళు బయటికి వెళ్తే నిమ్మకాయ పులిహోర కలిపాను. ఎదుటి ఫ్లాట్‌లో నేపాల్ ఆవిడ పని చేస్తుంది, లిఫ్ట్‌లో కనబడితే నవ్వుతుంది. పిన్నిగారు నా పేరు కొట్టించి ఇచ్చిన స్టీలు గిన్నె లేదూ, దాన్లో పెట్టి ఆవిడకి ఇచ్చాను. ఇక అప్పట్నుంచి ఎదురుచూపులే. గిన్నె ఇవ్వడానికి వస్తుంది, ఉత్త గిన్నె ఎవరూ ఇవ్వరు కదా, గుప్పెడు పంచదారైనా వేసి తెస్తుంది, లోపలికి రమ్మని టీ పెట్టి ఇద్దాం అనుకున్నాను. తలుపు చప్పుడైతే చాలు, చేతులు తుడుచుకుని పరిగెత్తేదాన్ని. ఎవరూ రాలేదు. చివరికి నేనే వెళ్ళి అడిగాను. "తిన్నాక మా మేడమ్ చెత్త సంచిలో వేసేసింది దీదీ, నేనూ పారేసేదే అనుకున్నాను" అంది హిందీలో. వాళ్ళింటికి బయటి నుంచి ఏ డబ్బా వచ్చినా తిని పారెయ్యడమేనట.

ఆవిడ తప్పేం లేదు. మర్నాడు పాపం ఒక కట్ట కొత్త ప్లాస్టిక్ డబ్బాలు కొని తెచ్చి నా చేతుల్లో పెట్టి, క్షమించమంది. నాకు కావలసింది గిన్నె కాదు తల్లీ, నువ్వు రావడం అని హిందీలో ఎలా చెప్పాలో తెలియలేదు. ఇప్పుడు సిగ్గుపడి లిఫ్ట్‌లో తల వంచుకుంటోంది. ఉన్న ఒక్క నవ్వూ పోయింది. తలుపు వేసుకుని ఏడ్చానురా.

సరిగ్గా ఆ వారమే నువ్వు ఫోను చేశావు. "అక్కా, ఇంక మనమూ ప్లాస్టిక్ డబ్బాలు తెప్పించేద్దామే. కూర కోసం ఇంటి గిన్నె పట్టుకుని రోడ్డెక్కడం నామోషీ అండీ అంటున్నారు జనం. ఎదురు కర్రీ పాయింటు కుర్రాడు డబ్బాల్లో పెట్టిస్తున్నాడని అటెళ్ళిపోతున్నారు" అన్నావు.

నామోషీ ఏమిట్రా? బండి హ్యాండిల్‌కి సాంబారు కవరు వేలాడదీసుకుని ఊరేగడం నామోషీ కాదూ? వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేస్తే అడుగున ఎన్ని ప్లాస్టిక్ కవర్లు బయటపడతాయో నీకు తెలియదా? వాటిలో మన షాపు కవరు ఒక్కటీ లేదని మీసం మెలేసినవాడివి నువ్వే.

కోప్పడకుండా విను. గిన్నె తెచ్చినవాళ్ళకి వేసే కొసరు గరిటె ఆపకు, అసలు కంటే కొసరు ముద్దు. డబ్బాలకి పెట్టేది ఆ గరిటెకి పెట్టు. బస్సు దిగి వచ్చేవాళ్ళు గిన్నె ఎక్కణ్ణుంచి తెస్తారంటావా, మూతలున్నవి కొన్ని మనమే కొని ఉంచుదాం, అడ్వాన్సు తీసుకుని ఇయ్యి, గిన్నె తెచ్చాక తిరిగిచ్చెయ్యి. వేపుళ్ళు, పచ్చళ్ళు అరటాకులో కట్టు, కోనసీమలో ఆకుకి కరువేమిటి! తొక్కలూ గంజీ గేదెలవాళ్ళకి ఇవ్వడం మాత్రం మానకు. ఆ ఎదురు కుర్రాడితో కూడా మాట్లాడు. ఇద్దరూ గిన్నెలే అంటే జనం ఎక్కడికి పోతారు?

అయితే ఇదంతా కాలవ మీద ప్రేమతోనే చెబుతున్నానని అనుకోకు. మీ బావగారు పోయాక నేను గడప దాటని రోజుల్లో నువ్వే నన్ను తీసుకెళ్ళి షాపులో గిన్నెల బల్ల దగ్గర కూర్చోబెట్టావు. పొద్దున్నే అందరూ గిన్నెలిచ్చి వెళ్ళేవారు. పేరు చూడకుండానే ఏది ఎవరిదో, ఎవరింట్లో కారం తగ్గించాలో చెప్పేదాన్ని. రిటైరైన మాస్టారుగారు గిన్నె బల్ల మీద పెట్టి, "ఏమ్మా సుభద్రా, పులుసు కాస్త ఎక్కువ వెయ్యమ్మా. ఇంతకీ నువ్వు తిన్నావా?" అనేవారు. "ఆయ్, తిన్నానండి" అనేదాన్ని, తినకపోయినా. రోజూ అడుగుతున్నారని చివరికి నిజంగానే తినడం మొదలుపెట్టాను. కూర కోసం వచ్చి వాళ్ళు నన్ను బతికించారు. డబ్బాలో పెట్టి ఇచ్చేస్తే ఎవరూ ఎవరి దగ్గరా నిలబడరు.

పిన్నిగారికి నా నమస్కారాలు, ఆవిడ దీవెన ఉంటే నాకు అంతే చాలు. నాగమణికి నా ఆశీస్సులు, బరువులు ఎత్తవద్దన్నానని చెప్పు. మాస్టారుగారిని అడిగానని చెప్పు.

ఆఖరుగా ఒక్క మాట. మా అమ్మాయి నర్సింగ్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరింది కాబట్టి నేను ఇంత దూరం వచ్చిన పని తీరింది. మేడమ్ మాత్రం మరో రెండేళ్ళకి కాగితం మీద సంతకం పెట్టమంటోంది. ఈ నెలాఖరులోగా చెప్పాలి. "వచ్చెయ్యక్కా, నీ ఇల్లే కదా" అంటావు నువ్వు. అన్నం పెడతావు, నాకు తెలుసు. కానీ డబ్బాలొచ్చాక ఆ షాపులో నాకేం పనుంటుంది చెప్పు? వాటికి ఆర్డరు ఇచ్చేశావో లేదో ఫోను చేసి చెప్పు. ఇచ్చేసి ఉంటే తిట్టను. సంతకం పెట్టేస్తాను.

ఇట్లు,
మీ మేలు కోరే అక్క
సుభద్ర